అడగని బండి

ఆరెక్స్ హండ్రెడ్ గొప్పదా, షోగన్ గొప్పదా అని మా పాత మోటారు సైకిళ్ళ గ్రూపులో పొద్దున్న లేస్తే గొడవే. రెండూ చిన్న ఇంజన్లు, రెండూ టూ స్ట్రోకు, రెండూ వెనకాల నీలం పొగ వదిలేవే. అన్నదమ్ముల్లాంటి బళ్ళు. అయినా సరే, నేను ఆరెక్స్ పక్షం. ఎవరైనా షోగన్ ఫొటో పెడితే కింద ఒక చురక వేయకపోతే నాకు పొద్దుటి టీ దిగేది కాదు. ఇప్పుడు మానేశాను. గ్రూపులో వాళ్ళు ‘అంకుల్ కనబడటం లేదేంటి’ అని అడుగుతున్నారు. దానికి జవాబు చెప్పాలంటే మా బావ సంగతి చెప్పాలి.

మా బావ పేరు సింహాద్రి. మా పుష్పక్క మొగుడు. ఇల్లు మల్కాపురంలో. పోర్టులో క్రేను నడిపి ఈ ఏడాదే రిటైరయ్యాడు. నాకంటే ఏడేళ్ళు పెద్ద. అయినా మా వైపు మగాళ్ళం అందరం ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటాం కాబట్టి ఆయన నన్ను కూడా బావా అనే అంటాడు. నన్ను ఊరి నుంచి తీసుకొచ్చి, తన ఇంట్లో పెట్టుకుని, స్టీల్ ప్లాంటులో పని దొరికేదాకా తిప్పింది ఆయనే. ఎవరికి ఏం కావాలన్నా చేసి పెడతాడు. తనకి ఏం కావాలో మాత్రం చెప్పడు. కూరలో ఉప్పు లేకపోతే ఉప్పు లేకుండానే తిని లేచిపోతాడు.

ఆయనకి అరవై నిండుతున్నాయని వాళ్ళ కూతురు, మా మేనకోడలు యశస్విని షష్టిపూర్తి తలపెట్టింది. ఎలాగూ మళ్ళీ పెళ్ళే కదా, అలకపాన్పు కూడా పెడదాం మామయ్యా అంది. ఎందుకంటే మా ఇళ్ళలో బావ అలకపాన్పు ఒక పెద్ద జోకు. ముప్పై ఏళ్ళుగా ఏ పెళ్ళిలో ఏ కొత్త అల్లుడు మంచం ఎక్కినా ముందు ఆ కథ చెప్పుకుని నవ్వి, తర్వాతే ఈ అల్లుడి సంగతి చూస్తారు.

అక్క పెళ్ళి ఎలమంచిలి దగ్గర మా ఊళ్ళో జరిగింది. కట్నం వద్దన్నాడు బావ. కనీసం అలకపాన్పు మీదైనా ఏదో ఒకటి అడుగుతాడని చుట్టాలందరూ మంచం చుట్టూ మూగారు. ఆయన మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని నవ్వుతున్నాడు. మూతి ముడుచుకోమంటే ముడుచుకోవడం చేతకాలేదు. వాళ్ళ పిన్ని జోగమ్మ వెనక నుంచి డొక్కలో పొడుస్తోంది, అడగరా అని. చాలాసేపు ఆలోచించి, “నాకేటీ వద్దండి, ఆకలేత్తంది” అన్నాడు. అంతే, పందిరి అంతా నవ్వులు. మా నాన్నకి ముచ్చటేసి, అల్లుడికి మోటారు సైకిలు కొంటానని తనే మాటిచ్చేశాడు. ఏ బండి ఇష్టమో కనుక్కునే పని నాకు అప్పజెప్పాడు.

నేను బావని వైజాగ్‌లో షోరూములకి తీసుకెళ్ళాను. అప్పట్లో కుర్రాళ్ళందరి నోట్లో ఈ రెండు బళ్ళే. ముందు ఆరెక్స్ చూశాం. బావ అడగని ప్రశ్న లేదు. మైలేజీ ఎంత, సామాన్లు ఎక్కడ దొరుకుతాయి, చీర కట్టుకున్న మనిషి వెనక కూర్చుంటే కాలికి ఏం ఆధారం, వర్షంలో ప్లగ్గు తడిస్తే ఏం చెయ్యాలి. షోరూములో అతను విసుక్కోకుండా అన్నీ చెప్పాడు. తర్వాత షోగన్ దగ్గరికి వెళ్ళాం. ఎర్రబండి. బావ దాని ముందు నిలబడ్డాడు. ఒక్క ముక్క అడగలేదు. అక్కడి సేల్స్ అబ్బాయి దగ్గరికొస్తే, ఊరికే చూస్తున్నాం బాబూ అని పక్కకి జరిగిపోయాడు.

నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. మనిషికి ఇష్టమైన దాని గురించే అడుగుతాడని అనుకునే వయసు. ఇంటికెళ్ళి నాన్నతో ఆరెక్స్ అని చెప్పాను.

ఆ బండిని బావ ఎంత బాగా చూసుకున్నాడో చెప్పలేను. సముద్రపు గాలి తుప్పు, పోర్టు దుమ్ము, రెండూ కలిసి మల్కాపురంలో ఏ ఇనుమునీ బతకనివ్వవు. ఆయన ప్రతి ఆదివారం గుడ్డ తడిపి తుడిచి, నూనె రాసి, పక్షవాతం వచ్చిన మనిషిని చూసుకున్నట్టు చూసుకునేవాడు. అక్కని దాని మీదే పురిటికి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. నన్ను మొదటిరోజు డ్యూటీకి ప్లాంటు గేటు దాకా దిగబెట్టాడు. ఇక రిపేరుకి లొంగదని మెకానిక్కులు చేతులెత్తేశాకే దాన్ని వదిలాడు. అందుకే, ఆరెక్స్ అంటే ఆయనకి ప్రాణమని నేను చెప్పుకు తిరిగేవాణ్ణి. ఆయన వినేవాడు. అవుననలేదు, కాదనలేదు.

ఇప్పుడు షష్టిపూర్తికి ఆ బండే మళ్ళీ ఇద్దామనుకున్నాను. అలకపాన్పు మీద ఆయన ఎలాగూ ఏమీ అడగడు. ఆకలేస్తోందంటాడు, అందరం నవ్వుతాం, అప్పుడు నేను బయటికి తీసుకెళ్ళి దుప్పటి తీసి చూపిస్తాను. ఆయన నాకు చేసినవాటికి బదులు తీరేది కాదు గానీ, ఆయనకి కావాల్సింది ఒక్కటైనా నా చేత్తో ఇవ్వాలని నా కోరిక. యశస్వినికి బండి అని మాత్రం చెప్పాను, ఏ బండో చెప్పలేదు. అక్కకి అసలే చెప్పలేదు. దాని నోట్లో మాట ఆగదని నా భయం.

మల్కాపురంలోనే అశోక్ అని ఒకతను పాత బళ్ళు కొని, విప్పి, కొత్తవాటిలా తయారుచేసి అమ్ముతాడు. వాళ్ళ షెడ్డులో ఆరెక్స్ ఉందంటే బావని తోడు రమ్మన్నాను, ఊరికే చూద్దామని. వెళ్ళేసరికి అక్కడ రెండున్నాయి. నల్ల ఆరెక్స్, పక్కనే ఎర్ర షోగన్. నేను లోపల నవ్వుకున్నాను. చూద్దాం, ముప్పై ఏళ్ళలో మనిషి ఏమైనా మారాడేమో అనుకున్నాను.

ఏం మారలేదు. ఆరెక్స్ చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ట్యాంకు ఒరిజినలేనా, పిస్టన్ మార్చారా, కాగితాలు సరిగ్గా ఉన్నాయా అని అశోక్‌ని కూర్చోనివ్వలేదు. షోగన్ సీటు మీద చెయ్యి వేసి, తీసేసి, ఆ చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. అంతే.

అశోక్ రెండూ నడిపి చూడమన్నాడు. బావ ఆరెక్స్ మీద వీధి చివరిదాకా వెళ్ళి వెంటనే తిరిగొచ్చి, క్లచ్చు కాస్త బిగువుగా ఉంది, వెనక బ్రేకు బాగుంది అని వివరంగా చెప్పాడు. తర్వాత షోగన్ తీశాడు. వెళ్ళినవాడు ఎంతకీ రాడే. నేను ఒక టీ తాగాను. ఇంకో టీ తాగాను. బండి ఎక్కడైనా ఆగిపోయిందేమో, అరవయ్యేళ్ళ మనిషి తోసుకొస్తున్నాడేమో అని రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాను. చివరికి వచ్చాడు. ఇంజన్ ఆపి కూడా కాసేపు దిగలేదు.

ఎందుకింత ఆలస్యమంటే, లారీలు అడ్డమొచ్చాయన్నాడు. బండి ఎలా ఉందన్నాను.

“బానే ఉన్నాది” అన్నాడు.

ఒక్క మాట. ఆరెక్స్ గురించి అన్ని మాటలు, దీని గురించి ఒక్క మాట. ఇంకేం కావాలి నాకు? నచ్చలేదని రాసుకున్నాను మనసులో. ఆ సాయంత్రమే అశోక్‌కి ఫోన్ చేసి ఆరెక్స్ నాదని చెప్పేశాను.

షష్టిపూర్తి రోజు పొద్దున్న క్రతువంతా బాగా జరిగింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక హాల్లో మంచం వేసి, బంతిపూలు చుట్టి, బావని ఎక్కించారు. పట్టుపంచె, నుదుట బాసికం, బట్టతల. బయట షామియానా పక్కన ఆరెక్స్ దుప్పటి కప్పుకుని ఉంది. తాళం నా లాల్చీ జేబులో ఉంది.

జోగమ్మకి ఎనభై దాటాయి. అప్పటి పిన్నే, అప్పటి చోటే, మంచం వెనకే. “మూతి ముడవరా సన్నాసీ, పళ్ళు కనబడతన్నాయి” అంది. మా ఆవిడ దేవి ముందుకొచ్చి, “అన్నయ్యా, ఇప్పుడే గదా బోంచేసేవు, ఆకలేత్తందంటే ఈసారి ఒప్పుకోం” అంది. యశస్విని ఫోన్‌లో వీడియో తీస్తోంది. వాళ్ళ నాన్న ఏది అడిగితే అది నేను ఇచ్చి తీరాలని అందరి ముందూ నాచేత ఒట్టు వేయించుకుంది.

నేను ఆకలేస్తోందనే మాట కోసం నవ్వు సిద్ధంగా పెట్టుకుని ఉన్నాను.

బావ తలెత్తి నన్ను చూశాడు. నవ్వడం లేదు. ఒళ్ళో ఉన్న చేతుల వైపు చూసుకున్నాడు. మళ్ళీ నన్ను చూశాడు. పెళ్ళిపీటల మీద కుర్రాడికి ఉండే సిగ్గు ఆ ముఖంలో ఉంది, నేను ఎప్పుడూ చూడని సిగ్గు.

“బావా, అశోక్ షెడ్డులో ఆ షోగన్ ఉన్నాది సూడు. ఎర్రది. అది కావాల.”

హాలు గొల్లుమంది. అడిగాడు, అడిగాడు అని అందరూ చప్పట్లు. జోగమ్మ ఆయన నెత్తి మీద మెటికలు విరిచింది. వాళ్ళకేం తెలుసు? బయట ఉన్నది అదేనని యశస్విని అనుకుంది. మామయ్య ముందే కనిపెట్టేశాడు అని సంబరపడుతూ వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోయింది. నేను వెనక నడిచాను. ఆపి ఏం చెప్పాలి?

దుప్పటి తీసింది. నల్లబండి, హ్యాండిల్‌కి బంతిపూల దండ.

బావ దాన్ని చూశాడు. ఎవరూ కనిపెట్టనంత సేపే, ఆ ముఖంలో దీపం తగ్గించినట్టయింది. తర్వాత గట్టిగా నవ్వాడు.

“ఇదే గదా నాను సెప్పింది. అరవై వచ్చేసేయి బావా, బళ్ళ పేర్లు కూడా కలిసిపోతన్నాయి” అన్నాడు. నా భుజం తట్టాడు. నా దగ్గర తాళం తీసుకుని, పంచె ఎగ్గట్టి, కిక్కు కొట్టి, పట్టుచీరలో ఉన్న అక్కని వెనక ఎక్కించుకుని వీధి చుట్టూ ఒక రౌండు వేశాడు. ఆ వీడియోకి చుట్టాల గ్రూపులో ఎన్ని దండాలు, ఎన్ని గుండె బొమ్మలో. వీడియోలో నేను కూడా ఉన్నాను. చప్పట్లు కొడుతున్నాను.

బండి దిగాక అక్క తిన్నగా నా దగ్గరికొచ్చింది.

“ఒరే, కొనే ముందు నన్నడగలేకపోయేవేట్రా?”

సర్‌ప్రైజ్ అనుకున్నానే అన్నాను.

“ఆయన దేని గురించి ప్రశ్నలేత్తే అది ఆయనకి అక్కర్లేదురా. కావాల్సిందాన్ని సూత్తాడు, అంతే. నన్ను సూసుకోడానికొచ్చినప్పుడు కూడా, మన సిన్నాన్న కూతురు ఏం సదివింది, వంట వచ్చా అని అడిగేడు. అందరూ దానికే సంబంధం కుదిరిందనుకున్నారు.”

అది నవ్వుతూనే చెప్పింది. నాకు నవ్వు రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఆయన వెనక కూర్చుని వెళ్ళేటప్పుడు ఎన్నిసార్లు ఏదో బండి చప్పుడికి, అది మలుపు తిరిగి కనబడక ముందే, “షోగన్” అని తనలో తను అనుకునేవాడో. నేను వెనక నుంచి, డబ్బా బండి బావా అనేవాణ్ణి. ఆయన నవ్వేసి గేరు మార్చేవాడు.

మర్నాడు పొద్దున్నే అశోక్ షెడ్డుకి పరిగెత్తాను. షోగన్ ఉన్న చోట ఖాళీ. రెండ్రోజుల క్రితమే వెళ్ళిపోయిందట, ఎలమంచిలి కుర్రాడు పట్టుకెళ్ళాడు. నా ముఖం చూసి అశోక్ కుర్చీ వేశాడు.

“ఆయన తప్పకుండా తీసుకుంటారనుకున్నాను అంకుల్. ఆ రోజు మీరెల్లేక టైర్లు కడిగితే ఇసక. యారాడ కొండ దిగి బీచ్ దాకా ఎల్లొచ్చేరనమాట.”

లారీలు అడ్డమొచ్చాయన్నాడు నాతో.

ఎలమంచిలి మనకి కొత్తా? అశోక్ దగ్గర అడ్రసు తీసుకుని, దేవికి మాత్రం చెప్పి రైలెక్కాను. ఎలాగైనా అడిగి తెచ్చేయాలి. కావాలంటే ఆరెక్స్ మార్చి ఇస్తాను, కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను అనుకుంటూ వెళ్ళాను. కొన్న కుర్రాడి పేరు నరేష్. స్టేషన్‌కి దగ్గరే ఇల్లు. గేటు తీసేసరికి వరండాలో ఎర్రబండి ఉంది. పక్కన కుర్చీలో ఒక పెద్దాయన కూర్చుని, పాత బనీను గుడ్డతో ట్యాంకు తుడుస్తున్నాడు. ఎడమ చెయ్యి పనిచెయ్యడం లేదు, ఒళ్ళో ఊరికే పడుంది. నరేష్ వాళ్ళ నాన్నట, రమణమూర్తి గారు. నరేష్ చిన్నప్పుడు ఆయనకి అచ్చం ఇలాంటి బండే ఉండేదట. జబ్బు చేసి లేచాక ఆయన దేనికీ నవ్వడం లేదని కొడుకు వెతికి వెతికి తెచ్చాడు. నడపలేడు. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి నరేష్ స్టార్టు చేస్తే వింటాడు.

నేను అశోక్ స్నేహితుణ్ణని చెప్పుకున్నాను. మంచినీళ్ళిచ్చారు. కాఫీ ఇచ్చారు. నేను వర్షాల గురించి అడిగాను. మామిడి కాపు గురించి అడిగాను. ఈ వీధిలో బోరు ఎంత లోతు పడిందని కూడా అడిగాను. నరేష్‌కి అనుమానమొచ్చి, బండి కోసం వచ్చారా అంకుల్ అన్నాడు. పెద్దాయన గుడ్డ తిప్పడం ఆపాడు.

“లేదు బాబూ, ఊరికే సూద్దామని” అన్నాను.

ఆయన గుడ్డ మళ్ళీ తిరిగింది.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చున్నానే గానీ ఏం చూశానో తెలియదు. రెండుసార్లు ఆ మనిషిని బండి ముందు నిలబెట్టి, రెండుసార్లూ ఆయన నోరే విన్నాను. కళ్ళు చూసి ఉంటే చాలు. అరవయ్యేళ్ళకి ఒక్కసారి నోరు తెరిచి అడిగాడే, ఆ ఒక్కసారికీ నా దగ్గర లేకపోయింది. ఇక జన్మలో ఆయన ఇంకోటి అడుగుతాడా?

దువ్వాడలో దిగేసరికి స్టేషన్ బయట బావ ఆరెక్స్ మీద కూర్చుని ఉన్నాడు. దేవి చెప్పేసిందన్నమాట. ఎక్కడికెళ్ళావని అడగలేదు. ఎదురుగా టీ కొట్టు దగ్గరికి నడిపించాడు. గ్లాసు చేతికిచ్చాక నేనే అడిగాను. అప్పుడు షోరూములోనే ఎందుకు చెప్పలేదు బావా, మొన్న షెడ్డులోనైనా ఎందుకు చెప్పలేదు అని.

ఆయన టీ ఊదుకున్నాడు.

“కావాల్సింది అడిగితే లేదనిపించుకోవాల బావా. సూత్తే ఎవుడూ లేదనడు గదా.”

మళ్ళీ ఆయనే అన్నాడు, “మొన్న మంచమెక్కితే ఏటో ధైర్యమొచ్చేసింది. అడక్కుండా ఉంటే నీకీ బాధుండేది కాదు.”

ఎలమంచిలిలో పెద్దాయన సంగతి చెప్పాను. చెయ్యి సంగతి, గుడ్డ సంగతి. అడగలేకపోయానని చెప్పాను. బావ చాలాసేపు తల ఊపాడు. మంచి పని చేశావన్నట్టు ఊపాడో, సరేలే అన్నట్టు ఊపాడో నాకు తెలియలేదు.

బండెక్కాం. గాజువాక దాటాక గాలికి కాస్త గొంతు పెంచి, తల వెనక్కి తిప్పకుండా అడిగాడు.

“ఆ బండి ఒక్క కిక్కుకే లేత్తందేటి?”

లేస్తోందన్నాను.

“సైలెన్సర్ మార్సేరా, పాతదేనా? మైలేజీ ఎంతిత్తందంట? సామాన్లు ఆ ఊళ్ళో దొరుకుతాయా?”

పాతదేనన్నాను. మిగతావి తెలియదన్నాను. ఇంకా ఏవేవో అడుగుతూనే ఉన్నాడు. ముప్పై ఏళ్ళలో షోగన్ గురించి ఆయన నోటి నుంచి ప్రశ్న రావడం అదే మొదలు. మల్కాపురం వచ్చేదాకా ఒకదాని తర్వాత ఒకటి అడుగుతున్నాడు. నేను వెనక కూర్చుని, జవాబులు చెబుతూ, కళ్ళు తుడుచుకుంటూ ఉన్నాను. గాలి ఎదురుగా కొడుతోంది కాబట్టి సరిపోయింది.